చెప్పుడు నేర్చుకున్న పెద్దబాపు

పెద్దబాపు పోయిండని ఆయన కొడుకు, మా అన్న, ఫోన్ చేసినప్పుడు నేను నల్లగొండల నా కుట్టు దుకాణంల కూసోని ఎవ్వలిదో పెండ్లి జాకెట్టుకు హుక్కులు కుడుతున్న. పొద్దుగాల చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, గోడకు ఒరిగిండట. గంతే. అన్న ఫోన్ల ఏడుస్తనే ఉన్నడు, నాకేమో ఏడుపు రాలేదు. చేతిలున్న హుక్కు కుట్టుడు అయినంక దారం తెంపి లేచిన. పట్టిన పని నడుమ ఇడిసిపెడితే ఆయన ఊకునేటోడు కాదు. బస్సుల కూసున్నంక వచ్చింది ఏడుపు. కండక్టరు నా దిక్కు సూసి, టికెటు అడగకుండనే ముంగటికి పోయి, జరసేపు ఆగి మల్ల వచ్చిండు.

రామన్నపేటకు అవతల మా ఊరు. నేను పోయేసరికి వాకిలి నిండ మంది. వచ్చినోళ్ళందరు ఒక్కటే అడుగుతాండ్రు, పోయేముందు ఏమన్న చెప్పిండా అని. చావింట్ల ఎవ్వలైన అడిగే మాటే గని, మా ఇంట్ల ఆ మాటకు బరువెక్కువ. మా పెద్దబాపుకు చుట్టుపక్కల ఊర్లల్ల పేరొచ్చిందే నోరు తెరువనందుకు. గా సంగతి తెలిస్తెనే ఆయన చివరి రెండు మూడేండ్ల సంగతి మీకు సమజైతది. అందుకే మొదటి నుంచి చెప్త.

పెద్దబాపు అంటే మా బాపుకు అన్న. గొర్లు మేపుకునే ఇల్లు మాది. నిజాం మీద సంఘం కొట్లాడిన దినాలల్ల ఆయన మీసం మొలిచిన పిలగాడు, కొత్తగ పెండ్లయింది. పగలంత గుట్ట మీద గొర్లు కాసుకుంట, దూరంకెల్లి రజాకార్లు వస్తాండ్రంటే దళానికి ఎరుక చేస్తుండె. ఆయనకు ఆ దళంల ఒక దోస్తు ఉండె. నకిరేకల్ ఆయన. మా కులం కాదు, మా ఊరు కాదు, అయినా ఒకరినొకరు బావా అని పిలుచుకునేటోళ్ళు. మేం పిల్లలమందరం ఆయనను నకిరేకల్ మామ అంటం.

పోలీసు యాక్షన్ అయింది, రజాకార్లు పోయిండ్రు, మిలట్రీ వచ్చింది. ఇగ సంఘపోళ్ళను ఎతుకుడు మొదలువెట్టిండ్రు. గప్పుడు నకిరేకల్ మామ కాలికి దెబ్బ తగిలి మా గుట్టల, బండల సందున పండుకోనున్నడు. పెద్దబాపు గొంగడి కింద జొన్నరొట్టె, ముంతల గొర్రెపాలు పెట్టుకోని పోయి ఇచ్చి వచ్చేది. ఎవ్వలు చెప్పిండ్రో ఏమో, ఒకనాడు మంద నడుమలకెల్లి పట్టుకపోయి క్యాంపుల పడేసిండ్రు. ఎక్కడ దాసినవో చెప్పుమని కొట్టిండ్రు. తలకిందులు ఏలాడదీసిండ్రు. ఎడమ చెయ్యి మీద రోకలి దొర్లిచ్చిండ్రు. ఆయన ఒక్కటే మాట, నేను గొర్లు కాసుకునేటోన్ని నాకెరుక లేదు అన్నడట. ఇడిసిపెట్టేనాటికి ఎడమ చేతి రెండు వేళ్ళు కొయ్యలైనయి. బతికినన్ని దినాలు ఆ రెండు వేళ్ళు మలువ రాలేదు.

ఇగ ఆ అలవాటు ఒంట్ల పడ్డది. ఎట్లున్నవు పెద్దబాపూ అంటే మంచిగనే ఉన్న అంటడు. జరమొచ్చి ఒళ్ళు కాలినా మంచిగనే ఉన్న. పెద్దమ్మ సచ్చిపోయిన ఏడు సుత మంచిగనే ఉన్న. మస్తు కోపమొచ్చేది నాకు. ఒకసారి అడిగిన, నీకు నోట్ల మాట దొరుకదా అని. "అడిగినోనికల్ల చెప్పుకుంట పోతే కడుపుల ఏం మిగుల్తది బిడ్డా" అన్నడు. అది ఆయన ఊతపదం. ఇంకోటి, ఊరు దాటి పోతే నీళ్ళు ముట్టకపోయేది. తాగితే ఒంటికి పోవాలె, పోతే చెట్టు సాటుకు పోవాలె, అటు మిలట్రీ ఉంటది. గా దినాలు పోయి ఎన్నేండ్లయినా, నల్లగొండ సంతకు వచ్చినోడు నా దుకాణంల చాయ్ సుత తాగకపోయేది. గొంగడి మాత్రం భుజం మీద ఉండాలె. ఎక్కడ కూసుంటే అక్కడ పరుసుడు, సగం మీద తను కూసునుడు, సగం వచ్చినోళ్ళకు ఇడిసిపెట్టుడు.

ముసలితనంల ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చింది. ఒంటికి ఆగి ఆగి పడుతాంటే అన్న పట్నం తోలుకపోయి సూపెట్టిండు. ఈ వయసుల కోసుడు వద్దు, కరెంటు పెడుదమన్నరు. రేడియేషన్‌ను మాకాడ అందరు కరెంటు పెట్టుడే అంటరు. పెట్టిండ్రు. క్యాన్సర్ అణిగింది. ఇంటికొచ్చి మల్ల గొర్లెనుక తిరుగుతుంటే, ఇగ గండం గడిసిందనుకున్నం.

ఏడాది దాటినంక, ఒకనాడు దుకాణంకు వచ్చిండు. పుట్టి బుద్ధెరిగి తెల్లధోతి తప్ప కట్టని మనిషి, నల్లలుంగీ కట్టుకోని వచ్చిండు. కుర్చీ ఏసిన, కూసోలేదు. నిలవడే మాట్లాడిండు. పాత నూలుచీరెలుంటే మడతలు మడతలేసి, దొడ్డుగ, చిన్నపిల్లల కింద ఏసే తీరు గుడ్డలు కుట్టియ్యమన్నడు. ఎవ్వలకు అంటే గొర్రెపిల్లకు అని చేతులతోని కొలత సూపెట్టిండు. నేను కుట్టుపని చేసేదాన్ని. మనిషి కొలత వేరు, గొర్రెపిల్ల కొలత వేరు. పైంగ ఆయన దగ్గర వాసనొస్తాంది, దాన్ని కప్పుదామని ఇంత అత్తరు పూసుకున్నడు. అత్తరు! మా పెద్దబాపు! ఏమైతాంది పెద్దబాపూ అని గట్టిగనే అడిగిన. మంచిగనే ఉన్న అన్నడు. గుడ్డలు కుట్టి ఇచ్చిన. సంకల పెట్టుకోని, బస్సుల సీటు ఉన్నా నిలవడే పోయిండు.

ఇంటికి ఫోన్ చేసి వదినెను అడిగితే అప్పుడు చెప్పింది. ఇంట్ల పండుడు బందుపెట్టిండట. మంచం బాయికాడి కొట్టంల ఏసుకున్నడు. బువ్వ అక్కడికే పంపియ్యమంటడు, అది సుత సగం తినడు. నలుగురు కూసున్న కాడికి రాడు. లుంగీలు తనే పిండుకుంటాండు. పెండ్లికి పిలిస్తే పోడు, సావుకు పోతే దూరంకెల్లే మొక్కి వస్తడు. ఒళ్ళు కాలుతది, వణుకొస్తది, రెండుదినాలకు తగ్గుతది, మల్ల వస్తది. అన్న పట్నం దవాఖానకు తోలుకపోతనే ఉన్నడు. డాక్టరు అడిగినప్పుడల్ల ఈయన మంచిగనే ఉన్న అంటాండు. ఎనుక దిక్కు ఏమన్న ఇబ్బందున్నదా అంటే లేదు. ఒంటికి సాఫుగ పోతాందా అంటే పోతాంది. అడిగేటోడు ఎవ్వలైనా సరే, ఆయన మనసుకు క్యాంపుల కూసున్నట్టే ఉన్నది. డాక్టరు తెల్లకోటు ఏసుకున్నా ఆయనకు ఖాకీ లెక్కనే కానొచ్చింది. పైంగ నీళ్ళు తాగుడు పూరాగ బందువెట్టిండు. తాగకుంటే తడువదని ఆయన లెక్క. దళానికి ఎరుక చేసే దినాలల్ల నేర్చిన ఉపాయం, ఇప్పుడు సొంత పానానికే అడ్డం పడ్డది.

మేం ఎంత బతిమిలాడినా పలుకలేదు. ఎవ్వలు అడిగితే పలుకుతడో నాకు తెలుసు. నకిరేకల్ పోయిన. మామ అప్పటికే కట్టె పట్టుకోని నడుస్తాండు, ఆ పాత దెబ్బకాలు ఈడ్సుకుంట. సంగతి చెప్పిన. తువ్వాల భుజం మీద ఏసుకోని నాతోని బస్సెక్కిండు.

బాయికాడికి పోయేసరికి పెద్దబాపు కొట్టం ముంగట నిలవడ్డడు. దోస్తును సూసి మొఖం ఎలిగింది, ఎంటనే ఎనుకకు జరిగిండు, దగ్గరికి రావద్దన్నట్టు. మామ కట్టె గోడకు ఆనిచ్చిండు. మంచం మీది గొంగడి తీసి, కింద పరిసి, సగం మీద కూసున్నడు. సగం ఇడిసిపెట్టిండు. పెద్దబాపు కూసోలేదు. నేను మోటరు గద్దె మీద కూసున్న.

"బావా, క్యాంపుల నిన్ను ఎందుకు కొట్టిండ్రు?" అన్నడు మామ.

"నీకెరుకే గదా."

"నేనున్న జాగ చెప్పలేదని కొట్టిండ్రు. నువ్వు చెప్పకుంటే నేను బతికిన. పెండ్లి చేసుకున్న, పిల్లల కన్న, మనుమల ఎత్తుకున్న. మరి గిప్పుడు నువ్వు చెప్పకుంటే ఎవ్వలు బతుకుతరు?"

పెద్దబాపు లుంగీ సదురుకున్నడు.

"గప్పుడు నా కోసం నోరు మూసుకున్నవు. గిప్పుడు నా కోసమే తెరువు. నువ్వు పోతే నేను ఎవ్వలకాడికి రావాలె బావా?"

పెద్దబాపు వచ్చి, గొంగడి మీద ఇడిసిపెట్టిన సగంల కూసున్నడు. నేనున్ననన్న సోయి సుత లేదు ఆయనకు. "ఒంటికి పోతే బుస్సుమని గాలొస్తాంది బావా, బుడగలొస్తున్నయి. నీళ్ళన్ని ఎనుక దిక్కు దిగుతున్నయి. ముంగటికెల్లి దొడ్డికొచ్చేది వస్తాంది. నేను మనిషి లెక్క లేను" అన్నడు. అని, చిన్నపిల్లగాని తీరు ఏడ్సిండు. క్యాంపుల ఏడ్వని మనిషి. మామ కొయ్యవారిన ఆ రెండు వేళ్ళను పట్టుకోని కూసున్నడు. నేను అక్కడికెల్లి లేచి బాయెనుకకు పోయిన. ఏడ్వలేదని మీకు చెప్తే అబద్ధమైతది.

మర్నాడే ముగ్గురం పట్నం పోయినం, అన్న సుత వచ్చిండు. డాక్టరు ఆత్మకూరు దిక్కు పిలగాడు, కృష్ణ కాల్వ కింద వరి పండిచ్చే ఇంట్ల పుట్టినోడు. పెద్దబాపు చెప్పుడు మొదలువెడితే కలం పక్కకు పెట్టి ఇన్నడు. పరీక్షలన్ని చేసి, తాతా నీకు నీ బాసల్నే చెప్త అన్నడు. ఒంటికి పోయే దారి, దొడ్డికి పోయే దారి పక్కపక్క మడుల లెక్క, నడుమ గట్టున్నది. కరెంటు వేడికి ఆ గట్టు కాలి పల్చగయి గండి పడ్డది. ఈ మడి నీళ్ళు ఆ మడిల, ఆ మడివి ఈ మడిల. అందుకే నీకు గా చలిజరాలు. నీళ్ళు పారంగ గండి పూడ్సలేం. ముందుగాల రెండు దిక్కుల పారకం మళ్ళియ్యాలె, గట్టు ఆరాలె, అప్పుడు మట్టి పొయ్యాలె.

పారకం మళ్ళిచ్చుడంటే ఏందంటే, పొట్టకు ఎడమ దిక్కు పేగును పైకి తీసి అక్కడ ఒక సంచి అంటిస్తరు, దొడ్డికి అండ్లకే పోతది. బొడ్డు కింద సన్న పైపు ఏస్తరు, మూత్రం ఇంకో సంచిల పడుతది. కిందికి ఏది దిగదు. అట్ల కొన్ని నెలలు ఉండాలె, చీము తగ్గాలె, తిని కండ పట్టాలె, కుండలకు కుండలు నీళ్ళు తాగాలె. పెద్దబాపు అన్ని ఇన్నడు గని సంచి అన్న కాడ ఆగిండు. నలుగురిల ఎట్ల కూసోవాలె అన్నడు. ఇప్పుడు కూసుంటున్నవా అని మామ అడిగిండు. పెద్దబాపు డాక్టరు దిక్కు తిరిగిండు. సరే కోయుండ్రి అన్నడు.

ఆ నెలలు కష్టమైనయి. పొట్టమీది సంచి ఊడిపోయేది, చుట్టు తోలు ఒరిసి మండేది. దవాఖానల నర్సు దగ్గర అన్న సంచి మార్చుడు నేర్చుకున్నడు. మొదట్ల ఇద్దరు ఒకరి మొఖం ఒకరు సూసుకోకపోయేది. మూత్రం సంచిని తొడకు కట్టే పట్టీకి క్లిప్పులున్నయి, అవి ఆ కొయ్యవేళ్ళతోని పెద్దబాపుకు పట్టు దొరుకలే. నేను మెత్తటి నల్లగుడ్డతోని తొడ కొలత తీసుకోని చిన్న తిత్తి కుట్టిన, సంచి అండ్ల దిగుతది, క్లిప్పుల జాగల గుంజే తాడు పెట్టిన. ధోతి కింద ఉంటే ఎవ్వలకు కానరాదు. కట్టుకోని అటిటు నడిచి సూసుకున్నడు. "పెండ్లికొడుకు లెక్క కొలతలు తీసినవు గదనే" అన్నడు. ఎన్నో దినాల తర్వాత ఆయన నవ్వుడు సూసిన.

గట్టు ఆరిందని డాక్టరు అన్నంక మల్ల కోసిండ్రు. కాళ్ళ నడుమ కోసి, గండి మూసి, లోపలి తొడలకెల్లి ఒక కండను తీసి మలిపి, రెండు దారుల నడుమ అడ్డం పెట్టిండ్రు. కాలిన జాగ మీద కుట్టు ఒక్కటే నిలువదు, నెత్తురు పారే కండ ఉండాలె అని డాక్టరు చెప్తే, "గుట్టలెక్కిన తొడనే అది, మంచి మట్టి" అని పెద్దబాపు మంచం మీదికెల్లి అన్నడు. కొన్ని వారాలకు మందు ఎక్కిచ్చి ఫోటో తీసిండ్రు, ఎక్కడ కారుతలేదు. పైపు తీసిండ్రు. ఆనాడు దుకాణంల మందిల ఉన్న నేను, ఫోన్ వచ్చింది. హలో లేదు ఏం లేదు. "బిడ్డా, ముంగటికే పోయిన" అన్నడు. నేను మిషను మీద తల పెట్టుకోని నవ్విన, ఏడ్సిన. జాకెట్ల కోసం వచ్చిన ఆడోళ్ళు నాకేదో అయిందనుకున్నరు.

పొట్టమీది సంచి మాత్రం తీయలేదు. కాలిన జాగ, తొందర వద్దు, మల్ల గండి పడితే కష్టం అన్నరు. ఉండనియ్యి, అది నాకు సుట్టమైంది అన్నడు పెద్దబాపు. మంచం బాయికాడికెల్లి ఇంటికొచ్చింది. తెల్లధోతి మల్ల కట్టిండు. పొద్దున పాలకేంద్రం ముంగటి అరుగు మీద గొంగడి పరిసి కూసున్నడు.

ఇగ మొదలైంది అసలు సంగతి. అన్నేండ్లు కట్టేసిన నోరు తెరిసిండు గదా, మూయడు! పాలు పోయవచ్చినోళ్ళకు చెప్తడు, బస్సుల పక్క సీటాయనకు చెప్తడు. గాలి ఎట్లొచ్చింది, గండి ఎట్ల పూడ్సిండ్రు, అన్ని. అంగీ లేపి సంచి సుత సూపెడుతడు. వదినె సిగ్గుతోని ఇంట్లకు ఉరికేది. నాకు ఫోన్ చేసి, మీ పెద్దబాపును జర ఆపు అనేది. నేను ఎందుకాపుత, నా పానం సల్లవడ్డది.

కొన్నొద్దులకు ఇంకో తీరు మొదలైంది. ఊర్ల ముసలోళ్ళు ఒక్కొక్కరు, ఎవ్వలు లేని యాళ్ళ సూసుకోని వచ్చి గొంగడి మీద సగం జాగల కూసునుడు. ఒకాయనకు ఒంటికి నెత్తురు పడుతాంది, ఒకాయనకు తెల్లందాక పోవుడే. పెండ్లాంకు చెప్పలే, కొడుకుకు చెప్పలే. పెద్దబాపు ఇని, దవాఖానకు పోయేదాక వాళ్ళను ఇడిసిపెట్టలే. కొందరితోని తనే పట్నం పోయిండు. ఆ నెత్తురు పడ్డాయన ఇయ్యాల బతికి ఉన్నడు. "కడుపుల దాసుకోకు, కుళ్ళుతది. నన్ను జూడు" అనుడు పెద్దబాపు కొత్త ఊతపదమైంది. పాతది ఏమైందని నేను ఎక్కిరిస్తే నవ్వేది.

క్యాన్సర్ మల్ల వచ్చింది, ఈసారి బొక్కలల్లకు పోయింది. మందులేసిండ్రు గని, డాక్టరు మాతోని దాసలేదు, పెద్దబాపుతోని దాసలేదు. నేను ఆదివారం ఆదివారం పోయి కూసునేది. ఎట్లున్నవు పెద్దబాపూ అంటే ఇప్పుడు మంచిగనే ఉన్న అనడు. నడుంల నొస్తాంది, పక్కకు తిరగరాలేదు, నిద్ర పట్టలే, అంటడు. ఒకసారి నా చెయ్యి పట్టుకోని, "భయమైతాంది బిడ్డా" అన్నడు. ఆ మాట ఆయన నోటెంట నేనెన్నడు ఇనలేదు. చెయ్యి ఇడువకుండ పొద్దుగూకేదాక కూసున్న. నొప్పి చెప్పుకున్నందుకే నొప్పికి మందు దొరికింది. చివరి దినాలు అరిగోస పడకుండ పోయిండు. గా ఒక్కటి తలుచుకుంటే నాకు జర నిమ్మలమైతది.

మా తావుల బొంద పెట్టినం, బాయికి అవతల. మూడో నాడు పిట్టకు పెట్టాలె. మాకాడ రివాజు మీకెరుకనే ఉంటది. పోయినోళ్ళకు ఇష్టమైనయి ఇస్తరిల పెట్టి, అందరు దూరం జరిగి నిలవడుతరు. పిట్ట వచ్చి ముట్టాలె. ముట్టకపోతే పోయినాయన మనసుల ఏదో చెప్పకుండ మిగిలినట్టు. అప్పుడు ఇంటోళ్ళు ఒక్కొక్కరు ముంగటికి పోయి, నీ కొడుకును మంచిగ సూసుకుంటం, నీ గొర్లు అమ్మం, అని తోచింది ఒప్పుకుంట మొక్కాలె. ఏదో ఒక మాటకు పిట్ట దిగుతది. మా తాతకు పొద్దంత దిగలేదట.

అందుకే ఆ పొద్దు ఇంట్ల అందరికి ఫికరే. పెద్దబాపు కడుపుల ఏమున్నదో ఎవ్వలకెరుక, గుట్టలకాడి ముచ్చట్లు ఎన్ని దాసుకున్నడో అని కులపెద్దలు అనుకుంటాండ్రు. వదినె నీళ్ళబిందె, గొడుగు ఎంట తెచ్చింది, పొద్దంత నిలవడాలని. అన్న ఏమేం ఒప్పుకోవాలో నాకాడ రెండుమాట్లు అనుకున్నడు. నకిరేకల్ మామ పొద్దుగాలనే వచ్చి, పెద్దబాపు గొంగడి పరుసుకోని దూరంగ కూసున్నడు, సగం మీద.

జొన్నరొట్టె, మటన్ కూర, కల్లు, గిలాసల చాయ్ పెట్టినం. నేను నీళ్ళు సుత పెట్టిన, పెద్ద చెంబుల. అన్న ఇస్తరి చుట్టు నీళ్ళు తిప్పి లేచి ఇటు తిరిగిండు. ఇంకా నాలుగడుగులు ఏయలేదు, ఎనుక రెక్కల సప్పుడైంది. కాకి దిగి రొట్టె పట్టింది. పక్కకు జరిగి, మల్ల వచ్చి కూర ముట్టింది. వదినె చేతిల గొడుగు అట్లనే ఉన్నది.

"ఏం మిగిల్చుకోలేదు మా బావ" అన్నడు మామ, ఎవ్వలతోనో కాదు, గా ఇస్తరితోనే అన్నట్టు.

అందరు మొక్కి ఇంటి దిక్కు కదిలిండ్రు. నేను పోయి, లే మామా, ఎండ ముదురుతాంది అన్న. మీరు నడువుండ్రి, తిననియ్యి అన్నడు. బాయిగడ్డ దాటినంక ఎనుకకు తిరిగి సూసిన. కాకి ఇంకా తింటనే ఉన్నది. మామ కట్టె పక్కకు పెట్టి, సగం గొంగడి మీద అట్లనే కూసున్నడు. మిగిలిన సగం మీద ముడతలున్నయని చేత్తోని సాపుజేస్తాండు.